పొద్దుగూకే వేళ కోళ్ల లెక్క

దేవరకొండకూ డిండికీ నడుమ, ఎర్రటి చల్క నేలల్లో ఉన్న మా ఊళ్లో, పొద్దుగూకే వేళకు ప్రతి ఇంటి వాకిట్లోనూ ఒక లెక్క జరిగేది. పశువులు కొట్టం చేరి, పొయ్యిల మీద జొన్న గట్క ఉడుకుతూ ఉండే ఆ కాసేపట్లో, మా నాయనమ్మ చేటలో గుప్పెడు నూకలు వేసుకొని వేపచెట్టు కింద నిలబడి "బో.. బో.. బో" అని పిలిచేది. పెంటకుప్ప మీది నుంచి, కందికట్టె మోపుల కింది నుంచి, పక్కింటి గోడ మీది నుంచి కోళ్లు పరుగెత్తుకొచ్చేవి. ఆమె లెక్కలో అంకెలు ఉండేవి కావు. "నల్లది వచ్చె, జుట్టుది వచ్చె, కుంటిది వచ్చె, పాలుకోడి వచ్చె, దాని పిల్లలు వచ్చె" అంటూ ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి చూసుకునేది. ఆమెకు ఇరవై దాటి లెక్కపెట్టడం రాదని మా అమ్మ చెప్పేది గాని, ముప్పై కోళ్ల మందలో ఒక్కటి తగ్గినా, ఏది తగ్గిందో, దాన్ని పొద్దున ఎక్కడ చూసిందో నిలుచున్న చోటనే చెప్పగలిగేది.

ఇప్పుడు నేను నల్లగొండ పట్టణం అంచున, ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి జాగాలో పదహారు కోళ్లను సాకుతున్నాను. వాటి గురించి చదివాను, పశువైద్యులను అడిగాను, తెలిసినవాళ్ల దొడ్లు తిరిగి చూశాను. అలా తెలుసుకున్న సంగతుల్లో చాలా భాగం నాయనమ్మ సాయంత్రపు లెక్కలో అప్పటికే ఉంది. ఆమెకు అందని సంగతి ఒక్కటే ఉండేది. అది అందకపోవడం వల్ల, దానికి నా చేతి తప్పు తోడవడం వల్ల, మా వాకిలి ఒకసారి ఖాళీ అయింది.

ముందు ఆ లెక్క ఎలా సాగేదో చెప్పాలి. నూకలు చల్లిన తర్వాత నాయనమ్మ కోళ్ల వైపు చూస్తూ కాసేపు ఊరుకునేది. మేత పడగానే ఉరకకుండా వెనుక నిలబడిపోయిన కోడి మీద ఆమె కన్ను ముందు పడేది. రెక్కలు కొంచెం జారవిడిచి, మెడ లోపలికి లాక్కొని, కళ్లు సగం మూసి నిలబడితే "ఇది తూగుతున్నది" అనేది. తూగే కోడిని ఎత్తుకొని, జుట్టు రంగు చూసేది, తోక కింద ఈకలకు రెట్ట అంటుకున్నదేమో చూసేది, మెడ కింద మేత నిలిచే తిత్తిని రెండు వేళ్లతో ఒత్తి చూసేది. సాయంత్రం తిత్తి నిండుగా, మెత్తగా ఉండాలి. పొద్దున గూడు తీసేసరికి అది ఖాళీ అయి ఉండాలి. పొద్దున కూడా గట్టిగా బిగిసి ఉంటే తిన్నది కిందికి దిగలేదని అర్థం. ఈ ఒక్క పరీక్షకు మించినది నాకు ఇంతవరకు దొరకలేదు. రోజుకు రెండుసార్లు, విడిచేటప్పుడూ కమ్మేటప్పుడూ, వేళ్లు తిత్తి మీద పెడితే కోడి లోపలి సంగతి సగం తెలిసిపోతుంది.

మా ఇంట్లో పెద్ద కోళ్లకు అరుగు కింద మట్టితో కట్టిన గూడు ఉండేది. దాని మూతికి ఒక బండరాయి, బండకు ఆనిచ్చి ఒక రోకలి ముక్క. పిల్లలకోడికి మాత్రం మేదరివాళ్లు అల్లిన వెదురు గంప. గూట్లోకి దూరే వరుసలో కూడా ఒక క్రమం ఉండేది. నల్లది ముందు వెళ్లి లోపలి మూల పట్టేది, దాని వెనుక జుట్టుది, అందరికన్నా చివర కుంటిది. ఆ వరుస తప్పి ఏదైనా చిన్న పెట్ట ముందుకు జొరబడితే, నల్లది దాని నెత్తి మీద ఒక్క పోటు పొడిచేది. పెద్ద కొట్లాట లేకుండానే అది వెనక్కి తగ్గేది. "ఎవరి జాగ వాళ్లకు తెలుస్తది, నువ్వు నడుమ దూరకు" అని నాయనమ్మ నన్ను ఆపేది. చాలా ఏళ్ల తర్వాత, నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బే అనే ఆయన కోళ్ల మధ్య ఉండే ఈ పొడిచే వరుస గురించి 1920లలోనే శాస్త్రీయంగా రాశాడని, చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ ఆ సంగతి పట్టుకున్నాడని చదివినప్పుడు, మా అరుగు కింద నల్లది మూల పట్టే దృశ్యమే నా కళ్లముందు నిలిచింది. ఆ వరుస కుదురుగా ఉన్నంతకాలం మంద నెమ్మదిగా ఉంటుంది. కొత్త కోడిని తెచ్చి కలిపినా, పైదాన్ని కోసుకున్నా, వరుస మొత్తం మళ్లీ తేలే దాకా పొడుచుకోవడం ఆగదు, గుడ్లు తగ్గుతాయి.

మేత విషయంలో మా ఇల్లు గొప్పదేమీ కాదు. కోళ్లు తమ తిండిలో ఎక్కువ భాగం తామే గీరుకొని తినేవి. పొద్దున గుప్పెడు జొన్నలు గాని సజ్జలు గాని, సాయంత్రం నూకలు, మిగిలిన గట్క ఉంటే అది, తౌడు దొరికితే తౌడు తడిపి ముద్దలు. పంటికి బదులు వాటికి కందనకాయ ఉంది. మింగిన చిన్న చిన్న రాళ్లతో గింజలను నూరుకునేది అందులోనే. మా చల్కలో ఆ రాళ్లకు కొదువ ఉండేది కాదు. ఇప్పుడు నేనున్న చోట వాకిలంతా సిమెంటు అయినందువల్ల, వాగు దగ్గరి నుంచి గరుకు ఇసుక తెచ్చి ఒక మూలకు పోసి పెట్టవలసి వస్తున్నది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులను నాయనమ్మ పొయ్యి సెగకు ఎండబెట్టి, రోట్లో మెత్తగా నూరి తౌడులో కలిపేది. అవి పెంకులని కోడి గుర్తుపట్టకూడదు. గుర్తుపడితే పెట్టిన గుడ్డును పొడిచి తాగే అలవాటు పడుతుంది. ఆ అలవాటు ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది, మాన్పించడం చాలా కష్టం.

పిల్లలకు చెదలు పట్టే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే అది నా పని. పగిలిన పాత కుండలో ఎండు పేడ, చిత్తు గడ్డి, జొన్న చొప్ప ముక్కలు కూరి, నీళ్లు చల్లి, చెదలు తిరిగే చోట గుంట చూసి బోర్లించేవాణ్ణి. మరునాడు తెల్లవారకముందే వెళ్లి ఎత్తి చూస్తే, పేడ అంతా తెల్లటి చెదలతో కదులుతూ ఉండేది. కుండను గబగబా తెచ్చి వాకిట్లో గుమ్మరించగానే, తల్లికోడి ఒక్క చెదను ముక్కుతో పట్టి, మింగకుండా కింద పడేసి, మళ్లీ పట్టి, మళ్లీ పడేసి, గొంతులో ఒక ప్రత్యేకమైన సన్నని పిలుపు పిలిచేది. పిల్లలన్నీ ఆ ముక్కు కిందికి చేరేవి. కడుపు నిండా ఆకలితో ఉండి కూడా అది మొదటి కొద్దిసేపు తాను ఒక్క చెదనూ మింగేది కాదు. నేను గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. పుట్టిన మొదటి వారాల్లో పిల్లలకు కావలసిన మాంసకృత్తులు ఆ చెదల్లో పుష్కలంగా ఉంటాయని తర్వాత తెలిసింది గాని, అప్పట్లో చెదలు తిన్న పిల్లలకు రెక్క ఈకలు తొందరగా మొలుస్తాయన్నంత వరకు మా కళ్లే చెప్పేవి.

కోడిని పొదుగుకు కూర్చోబెట్టడం నాయనమ్మకు ఇంట్లో పండుగతో సమానమైన పని. నాటు పెట్ట పన్నెండు, పదిహేను గుడ్లు వరుసగా పెట్టి ఆగుతుంది. ఏడాదికి మొత్తం 60 నుంచి 80 దాకా వస్తే అది మంచి పెట్ట. గుడ్డు పెట్టే వేళ రోజురోజుకు కొంచెం వెనక్కి జరుగుతుంది. ఈ రోజు పొద్దున పెడితే రేపు ఇంకొంచెం పొద్దెక్కాక, ఎల్లుండి మధ్యాహ్నానికి, ఆ తర్వాత ఒక రోజు నాగా. ఒక గుడ్డు తయారు కావడానికి ఒక రోజు కన్నా గంటో రెండు గంటలో ఎక్కువ పట్టడమే దానికి కారణం. నాయనమ్మకు ఆ కారణం తెలియదు గాని, ఏ పెట్ట ఏ రోజు నాగా పెడుతుందో తెలుసు. గుడ్లను జొన్నలు పోసిన కుండలో, లావు కొన పైకి వచ్చేటట్టు గుచ్చి, చల్లటి మూలన దాచేది. వారం పది రోజులకు మించి నిలువ ఉన్న గుడ్డును పొదుగుకు వాడేది కాదు. ఎండాకాలంలో పొదగేయడం అసలే ఇష్టపడేది కాదు. "రోహిణి కార్తెల గుడ్డు కుండలనే ఉడుకుతది, మిరుగం వానలకు పిల్ల నానిపోతది, దసరా పోయినంక కూసోబెడితే సంకురాత్రికి పిల్లలు వాకిట్ల తిరుగుతయి" అనేది. పంట ఇంటికి వచ్చి కళ్లాల్లో గింజలు రాలి ఉండే కాలం కూడా అదే.

పెట్ట గూట్లోంచి లేవకుండా ఈకలు విప్పార్చుకొని, చేయి పెడితే గుర్రుమంటే, అది పొదుగుకు వచ్చిందని గుర్తు. పాత గంపలో ఇసుక పోసి, దాని మీద గడ్డి చుట్ట చుట్టి, నడుమ గుంటలో గుడ్లు పెట్టి, చీకటి పడ్డాక కోడిని తెచ్చి కూర్చోబెట్టేది. పగటిపూట మారిస్తే బెదురుతుంది. రాత్రి దానికి కళ్లు సరిగా ఆనవు కాబట్టి కూర్చున్న చోటును తనదిగానే ఒప్పుకుంటుంది. గుడ్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే పెట్టేది. అది నమ్మకం. మరి వారం పది రోజులుగా వేరువేరు నాళ్లలో పెట్టిన గుడ్లన్నీ ఒక్క రోజునే ఎలా పగులుతాయని నేను అడిగితే, "గుడ్డు నిద్రపోతది బిడ్డా, కోడి ఒళ్లు తగిలిన్నాడే లేస్తది" అంది. చల్లబడిన గుడ్డులో పిల్ల పెరుగుదల ఆగి ఉండి, తల్లి వెచ్చదనం నిలకడగా అందిన రోజు నుంచి అన్నింటిలో ఒక్కసారే మొదలవుతుందన్న సంగతిని ఇంతకన్నా సూటిగా చెప్పిన మాట నేను ఎక్కడా వినలేదు.

కూర్చోబెట్టిన నాటి నుంచి రోజుకొక బొగ్గు గీత గోడ మీద పడేది. 21 గీతలు. ఆ మూడు వారాల్లో కోడి రోజుకు ఒక్కసారి, పావుగంటో అరగంటో లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, ఒక పెద్ద రెట్ట వేసి, బూడిదలో పొర్లాడి మళ్లీ వచ్చి కూర్చునేది. మిగతా వేళల్లో ముక్కుతో గుడ్లను లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చుకుంటూనే ఉండేది. ఆ బూడిద కుప్పను నాయనమ్మే పోయించేది. పేన్లు పట్టిన కోడి గుడ్ల మీద నిలకడగా కూర్చోలేదు, పొయ్యి బూడిదలో పొర్లాడితే పేన్లు రాలిపోతాయి. ఏడెనిమిది రోజులకు ఒక రాత్రి దీపం ముందు ఒక్కో గుడ్డునూ పట్టి, అరచేయి మడిచి చూసేది. లోపల ఎర్రటి సన్నని నరాలు సాలెగూడులా కనిపిస్తే అది నిలిచిన గుడ్డు. తెల్లగా వెలిసిపోయి కనిపిస్తే తీసి పక్కన పెట్టేది. మురిగిన గుడ్డు పొదుగులో పగిలితే మిగతావాటినీ చెడగొడుతుంది.

ఇరవయ్యో గీత నాటి రాత్రి నన్ను లేపి, ఒక గుడ్డు నా చెవి దగ్గర పెట్టిన సంగతి ఇప్పటికీ నా చర్మానికి గుర్తుంది. గుడ్డు వెచ్చగా ఉంది. లోపల గోటితో గీకినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత చాలా దూరం నుంచి వచ్చినట్టు "కియ్" అని ఒక్క పిలుపు. గంప కింది నుంచి కోడి వెంటనే నెమ్మదిగా గొణిగింది. తల్లీపిల్లా ఇంకా ఒకదాని ముఖం ఒకటి చూడకముందే మాట్లాడుకుంటున్నాయి. తెల్లవారేసరికి గుడ్డు లావు కొన దగ్గర ఒక నక్షత్రమంత పగులు, అందులోంచి ముక్కు కొసన తెల్లటి చిన్న మొన. చేతులు ఊరుకోక పెంకు ఒలిచి సాయం చేయబోతే నాయనమ్మ నా చేయి పట్టుకుంది. పిల్ల బయటికి వచ్చేలోపు కడుపులోకి పచ్చసొన, ఒంట్లోకి పెంకు పొరలోని నెత్తురు గుంజుకోవాలి. తొందరపడి ఒలిస్తే ఆ నెత్తురు కారిపోయి పిల్ల చస్తుంది. లోపలికి గుంజుకున్న ఆ పచ్చసొనే దానికి మొదటి ఒకటి రెండు రోజుల తిండి. అందుకే ముందు పుట్టిన పిల్లలు ఆకలికి ఏడవకుండా తల్లి రెక్క కింద మిగతావాటి కోసం ఆగగలుగుతాయి.

పిల్లలు వాకిట్లోకి దిగిన రోజు నుంచి గద్ద భయం. కోడికి రెండు రకాల కేకలు ఉంటాయని, పైనుంచి వచ్చే గద్దకు ఒకటి, నేల మీద వచ్చే కుక్కకు, ముంగిసకు ఇంకొకటి అని మాకు ఇంటి పని చేసుకుంటూనే తెలిసేది. గద్ద కేక సన్నగా, పొడుగ్గా సాగుతుంది. అది వినగానే పిల్లలు ఉన్నచోటనే తల్లి కిందికి గాని, చెట్టు కిందికి గాని దూరి చప్పుడు చేయకుండా ఉంటాయి. నేల మీది శత్రువుకు వేసే కేక తెగి తెగి, బిగ్గరగా, ఊరంతా వినిపించేలా ఉంటుంది. పొయ్యి ముందున్న నాయనమ్మ ఆ కేకను బట్టే ఆకాశం వైపు చూడాలో, కట్టె పట్టుకొని దొడ్డి వైపు ఉరకాలో తేల్చుకునేది.

గుడ్లమ్మిన పైసలు ఆమె కొంగు ముడిలో ఉండేవి. ఉప్పు, సబ్బు, నా పలకా బలపం వాటితోనే వచ్చేవి. ఎల్లమ్మకు, పోచమ్మకు పుంజు పోయేది. చుట్టం వస్తే ఇంకొకటి పోయేది. వాటి గురించి ఎక్కువ రాయను. చేతిలో పెరిగినదాన్ని కోసిన రోజు నేను తినేవాణ్ణి కాదు, నన్ను ఎవరూ బలవంతపెట్టేవారు కాదు.

నాకు పదేళ్లు ఉన్నప్పుడు, పక్క ఊరి అంగడిలో ఒక పుంజును చూశాను. మెడ నిండా నిప్పురంగు, తోక మీద నెమలి నీలం. మా నాయిన చెయ్యి గుంజి గుంజి ఏడ్చి కొనిపించాను. ఇంటికి తెచ్చేసరికి నాయనమ్మ దాన్ని ముట్టుకోకుండా చూసి, "కొత్తదాన్ని మందల కలపొద్దు బిడ్డా. పది దినాలు ఏరుగ గంప కింద కమ్ముదాం, తిండి, నీళ్లు ఏరుగ పెడదాం" అంది. ఆ రాత్రి గంప కింద ఒంటరిగా ఉన్న పుంజు మెసలుతూ ఉంటే నాకు నిద్ర పట్టలేదు. అడవిపిల్లి వచ్చి గంప లేపుతుందేమోనని భయం. అందరూ పడుకున్నాక బండ జరిపి దాన్ని గూట్లోకి తోశాను. తెల్లవారి నాయనమ్మ గూడు తీసినప్పుడు అందరికన్నా ముందు ఆ పుంజే బయటికి వచ్చింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసి ఏమీ అనలేదు.

ఐదో రోజు ఆ పుంజు తూగింది. ఆకుపచ్చటి నీళ్ల రెట్ట, నోరు తెరిచి గురకతో ఊపిరి. మరో రెండు రోజులకు జుట్టుది మెడ వెనక్కి మెలితిరిగి, తల నేలకు ఆనించి గిరగిర తిరుగుతూ ఉంది. ఊళ్లో కోళ్ల గత్తర అన్నారు. పశువుల దవాఖానలో కొక్కెర తెగులు అంటారు. నాయనమ్మ వెల్లుల్లి నూరింది, పసుపూ మిరియాలూ ఉండలు చేసి మింగించింది, ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకొని నోట్లో నీళ్లు పోసింది. అది ఒకసారి అంటుకున్నాక దానికి మందు లేదని ఇప్పుడు నాకు తెలుసు. తొమ్మిది రోజుల్లో ముప్పై కోళ్లలో కుంటిది, ఇంకో చిన్న పెట్ట మిగిలాయి. కుంటిదానికి ఆ తర్వాత కూడా మెడ వణుకు పోలేదు. నడుమ ఒక రోజు బేరగాడు వచ్చి, తూగుతున్నవాటిని సగం ధరకు ఇమ్మన్నాడు, అంగడిలో అమ్ముకుంటానన్నాడు. "రోగం అమ్ముకుంటమా?" అని నాయనమ్మ వాణ్ణి వాకిలి దాటించింది. ఆ నిప్పురంగు పుంజు కూడా అలా ఎవరో అమ్ముకున్న రోగమేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. చనిపోయినవాటిని చెలక గట్టు దగ్గర నడుములోతు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాం. గుంట తవ్వింది మా నాయిన, సున్నం చల్లింది నేను.

ఆ సాయంత్రాలు కూడా ఆమె చేట పట్టుకొని వేపచెట్టు కింద నిలబడేది. పిలిచేది కాదు. కుంటిదానికీ ఆ చిన్న పెట్టకూ గుప్పెడు నూకలు వేసి లోపలికి వచ్చేది. నేను చేసిన పనిని ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఆమె చేసిన పనులు ఇప్పుడు ఏ పశువైద్యుణ్ణి అడిగినా చెప్పేవే. గూట్లోని మట్టి రెండు వేళ్ల మందాన గీకి బయట పారబోసింది, లోపల ఎండు గడ్డి వేసి కాల్చింది, సున్నం పూసింది, ఆ ఎండాకాలమంతా బండ తీసి గూడును ఖాళీగా ఉంచింది. మిగిలిన రెండింటినీ వేరే గంప కిందనే కమ్మేది. దసరా దాటాక మా వాడకట్టులోని ఒకావిడ దగ్గర ఒక ఎర్ర పెట్టను పాలుకు తెచ్చుకుంది. పాలుకు తేవడమంటే, కోడి వాళ్లది, సాకడం మనది. పుట్టిన పిల్లలు చెరిసగం. డబ్బులు చేతులు మారకుండా, ఉన్నవాళ్ల మంద లేనివాళ్ల వాకిట్లోకి వచ్చే ఈ పద్ధతి మా పల్లెల్లో ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో. ఆ ఎర్ర పెట్ట మొదటి పొదుగులో పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలు వచ్చాయి.

టీకా సంగతి నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. కొక్కెర తెగులును రాణిఖేత్ వ్యాధి అని కూడా అంటారు, కుమావూ కొండల్లోని రాణిఖేత్ ఊరి పేరు మీదుగా. దానికి పెద్ద కోళ్లకు రెక్క కింద వేసే టీకాకు ముక్తేశ్వర్ పేరు ఉంది. అది కూడా ఆ కొండల్లోని ఊరే. పిల్లలకు మొదటి వారంలో, ఐదో రోజుకు ఏడో రోజుకు నడుమ, లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. నాలుగు వారాలకు మళ్లీ ఒకసారి. ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. మశూచికి ఆరేడు వారాల వయసులో వేరే టీకా. సీసా ఐసులో ఉండాలి, కలిపిన మందును గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఒక్కో సీసాలో వంద కోళ్లకు పైగా సరిపోయే మందు ఉంటుంది కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు ఒక్కరోజు అనుకొని వేయించుకోవాలి. అప్పటికే తూగుతున్న కోడికి టీకా వేయకూడదు.

మొదటిసారి ఐసు డబ్బాలో సీసా పెట్టుకొని ఊరికి వెళ్లినప్పుడు నాయనమ్మకు చూపు మందగించింది. అరుగు మీద కూర్చొని, చీకట్లో వెతికినట్టు గంపలోంచి ఒక్కో పిల్లనూ తీసి, వేళ్ల మధ్య తల నిలబెట్టి నా ముందు పట్టింది. నేను కంట్లో చుక్క వేశాను, పిల్ల కన్నార్పింది, ఆమె దాన్ని పక్క గంపలోకి విడిచింది. ఐదో, ఆరో పిల్ల దగ్గర ఆగి అడిగింది.

"గింత సుక్కనేనా బిడ్డా?"

"గంతే, నాయినమ్మా."

"అప్పుడు కూడ ఉండెనా ఇది?"

ఉండెనని చెప్పాను. అప్పటికే దేశంలో ఉండింది, మా ఊరి దాకా రాలేదు. ఆమె ఇంకేమీ అడగకుండా మరో పిల్లను తీసి నా ముందు పట్టింది.

ఇప్పుడు నా దొడ్లో ఉన్నవాటిలో సగం నాటువి, సగం గ్రామప్రియ. పెరటి పెంపకం కోసమే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గ్రామప్రియనూ వనరాజానూ తయారుచేసింది. గ్రామప్రియ నాటు పెట్ట కన్నా రెట్టింపుకు పైగా గుడ్లు పెడుతుంది, కాని పొదుగుకు కూర్చోవడం మాత్రం దాదాపు మరిచిపోయింది. దాని గుడ్లను పొదిగించినా పిల్లలకు తల్లి గుణం పూర్తిగా రాదు. అందుకే గుడ్ల కోసం దాన్ని, పిల్లల కోసం నాటు పెట్టలను ఉంచుకున్నాను. రెండింటిలో ఏది మేలని అడిగేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. ఎండలు ముదిరితే నల్లగొండలో అవి నోళ్లు తెరిచి, రెక్కలు ఎత్తి రొప్పుతాయి. కోడికి చెమట పట్టదు, ఊపిరితోనే వేడి వదలాలి. మట్టి మూకుళ్లలో నీళ్లు నీడ వెంట మారుస్తూ రోజుకు మూడుసార్లు పోస్తాను. బయటి నుంచి ఏ కోడి వచ్చినా, ఎవరు ఇచ్చినా, దొడ్డికి ఆవలి మూలన మూడు వారాలు వేరుగా ఉంటుంది. వాటికి మేత వేసేది అన్నింటికన్నా చివర, వేసి వచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కోకుండా నా కోళ్ల దగ్గరికి వెళ్లను. ఈ విషయంలో మా ఇంట్లోవాళ్లు నాది చాదస్తం అంటారు, అననివ్వండి.

పోయిన నెలలో ఒక సాయంత్రం లెక్కలో బూడిదరంగుది తగ్గింది. ముంగిస పట్టిందనే అనుకున్నాను. ఈకలు ఎక్కడా లేవు. మూడో రోజు మధ్యాహ్నం అది కందికట్టె మోపు వెనుక నుంచి బయటికి వచ్చి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, బూడిదలో పొర్లాడి మళ్లీ అటే పోయింది. వెనుక వెళ్లి చూస్తే పదకొండు గుడ్ల మీద కూర్చొని ఉంది. రాత్రి లోపలికి మార్చాలని రెండుసార్లు అనుకొని, ఇంత శ్రద్ధగా అది ఎంచుకున్న చోటును కదిలించడానికి మనసొప్పక, మోపు చుట్టూ జాలీ కట్టి, పైన నాయనమ్మ గంప బోర్లించి ఇటుక పెట్టాను. వెదురు రెండు చోట్ల విరిగితే మేదరివాళ్ల దగ్గర కట్టించిన గంప అది. రోజూ మధ్యాహ్నం ఒక్కసారి ఎత్తుతాను, అది లేచి తిరిగి వచ్చే దాకా అక్కడే ఉంటాను.

అది కనబడకుండా పోయిన సాయంత్రం నుంచి లెక్కవేసి, తొమ్మిదో రాత్రి టార్చి పట్టుకొని కూర్చున్నాను. గుడ్లు ఒక్కొక్కటే తీస్తుంటే అది గుర్రుమంది, ఒకసారి మణికట్టు మీద పొడిచింది. తొమ్మిదింటిలో నరాలు కనిపించాయి. రెండు తెల్లగా ఉన్నాయి, వాటిని తీసేసి తొమ్మిదినీ దాని కిందికి జరిపాను.